పాడినవారు జిక్కి

గాయని ఒకరు మరణించినపుడు ఆమెను ప్రేమించిన శ్రోతలు ఏమి చేయుదురు? ఈ ప్రశ్నకు లోకములో ఒక్కొక్కచోట ఒక్కొక్క సమాధానము దొరకును. 2023 మే 24వ తేదీన రాక్ సంగీతమునకు రాణి అని పేరొందిన టీనా టర్నర్ స్విట్జర్లాండులో, జూరిక్ నగరము చెంతనున్న కుస్నాక్ట్ అను ఊరిలో కన్నుమూసినారు. వార్త తెలిసిన పిదప ఆమె ఇంటి వాకిట జనము చేరినది. గేటు ముందు పూలగుత్తులు ఉంచినారు, కొవ్వొత్తులు వెలిగించినారు. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రమున ఆమె పెరిగిన పల్లె పేరు నట్‌బుష్. ఆ పల్లెను గూర్చి 1973లో ఆమె తానే ఒక పాట వ్రాసి పాడినారు. ఆస్ట్రేలియాలో జనులు ఆ పాటకు వరుసలు తీరి నృత్యము చేయుట ఒక వాడుక. ఆమె మరణించిన సంవత్సరములో వారు ఎడారి నడుమ వేల సంఖ్యలో కూడి ఆ నృత్యము చేసినారు. ఆమె చిన్ననాడు చదువుకొన్న ఒంటిగది బడి 2014 నుండి ఆమె పేర ప్రదర్శనశాలగా నిలిచియున్నది.

ఇట్టి స్మరణ జరుగుటకు ఒక కారణము కలదు. రాక్ గాయని వేదికపై నిలిచి పాడును. ఆమె ముఖము, ఆమె వేషము, ఆమె నడక, ఆమె కంఠము అన్నియు ఒక్కటిగానే జనులకు తెలియును. ఆమె పోయినపుడు ఎవరి గేటు ముందు పూలు ఉంచవలెనో వారికి సందేహము లేదు. మన చలనచిత్ర గాయనుల సంగతి అట్లు కాదు. వారి కంఠము ప్రతి ఇంటికిని వచ్చినది, ముఖము మాత్రము రాలేదు. కంఠము ఒకరిది, ముఖము మరియొకరిది అయినపుడు అభిమాని దేనిని పట్టుకొని స్మరింపవలెను? ఈ ప్రశ్న నాకు మార్కాపురములో ఒక పెండ్లిపందిరిలో ఎదురైనది.

మార్కాపురము పలకలకు ప్రసిద్ధి చెందిన ఊరు. ఒకప్పుడు దేశమందలి అనేక బడులలో పిల్లలు అక్షరములు దిద్దిన పలకలు ఇక్కడి గనుల నుండి వెళ్ళినవే. ఆ పెండ్లి చెన్నకేశవస్వామి గుడికి అంత దూరము కాని ఒక కల్యాణమండపములో జరిగినది. తలంబ్రాలు పోయు సమయమునకు ఈనాడు తెలుగునాట అన్ని పెండ్లిళ్ళలోను వినిపించు పాటనే అక్కడను పెట్టినారు. 2001లో వచ్చిన 'మురారి' చిత్రములోని సీతారామ కల్యాణపు పాట అది. సంగీతము మణిశర్మది, సాహిత్యము సిరివెన్నెల సీతారామశాస్త్రిది. పెండ్లికూతురు స్నేహితురాండ్రు అందరును పాటతో గొంతు కలిపినారు. ఒక్క మాట తప్పలేదు. నా ప్రక్కన కూర్చున్న పిల్లను అడిగినాను: "ఈ పాట పాడినది ఎవరమ్మా?" ఆ పిల్ల కథానాయకుని పేరు చెప్పినది, నాయిక పేరు చెప్పినది, సంగీత దర్శకుని పేరును చెప్పినది. పాడినవారి పేరు దగ్గర ఆగిపోయినది. "సునీత గొంతు ఒకటి తెలుస్తోంది తాతా. ఇంకొకటి ఎవరో పెద్దామె గొంతు. పేరు తెలియదు" అన్నది. "జిక్కి" అన్నాను. "జిక్కీనా? అదేం పేరు తాతా!" అని నవ్వినది.

ఆ పిల్ల తప్పు ఏమియు లేదు. ఆమెకు ఆ పేరు ఎవరును వినిపించలేదు. అంతే. ఆ పేరు వినబడకపోవుట ఎట్లు జరిగినదో, మునుపు అది ఎట్లు వినబడెడిదో కొంత వివరించుట నా ఉద్దేశము.

మొదట నేపథ్యగానము అను పద్ధతిని గుర్తు చేసికొందము. తెలుగు టాకీలు పుట్టిన తొలి సంవత్సరములలో నటించువారే పాడవలెను. నటనయు, సంగీతమును రెండును వచ్చినవారికే తెరమీద చోటు. 1943లో 'భాగ్యలక్ష్మి' చిత్రమునందు కమలా కోట్నీస్ నటింపగా ఆమె పాటను రావు బాలసరస్వతీదేవి తెరవెనుక పాడినారు. తెలుగులో నేపథ్యగానమునకు ఇది నాంది అని చెప్పుదురు. ఆ బాలసరస్వతీదేవి రేడియో లలితగీతములతో మూడు తరముల ఇండ్లను అలరించి 2025 అక్టోబరులో హైదరాబాదులో పరమపదించినారు. ఆమె వేసిన త్రోవ తరువాత రాజమార్గమైనది. పాట ముందుగా ధ్వనిముద్రణశాలలో సిద్ధమగును. వాద్యబృందమంతయు ఒక్కచోట కూర్చుండగా గాయని మైకు ముందు నిలిచి పల్లవి నుండి చివరి చరణము వరకు ఒక్క ఊపున పాడవలెను. ఆ కాలములో చివరి పంక్తిలో ఒక మాట తొణకినను మరల మొదటికి రావలసినదే. అట్లు సిద్ధమైన పాటను చిత్రీకరణ స్థలమున మ్రోగించుచుండగా నటి పెదవులు కదపును. ప్రేక్షకుడు తెరమీద చూచునది ఆ పెదవులను. గాయని అప్పటికే ఇంటికి వెళ్ళి మరుసటి పాట సాధన చేసికొనుచుండును.

ఈ ఏర్పాటులో గాయని పేరు మరుగున పడుట సహజము. గ్రామఫోను రికార్డులపై సయితము మొదట అట్లే జరిగినది. 1949లో వచ్చిన హిందీ చిత్రము 'మహల్' ఇందుకు ప్రసిద్ధమైన నిదర్శనము. అందులో మధుబాలకు లతా మంగేష్కర్ పాడిన పాట దేశమంతటను మారుమ్రోగినది. కాని రికార్డు మీద అచ్చయిన పేరు కామిని. అది కథలోని పాత్ర పేరు! రేడియోలో ఆ పాట విన్న శ్రోతలు ఊరుకొనలేదు. ఇంతకును పాడినది ఎవరు అని ఉత్తరముల మీద ఉత్తరములు వ్రాసినారు. రేడియోవారు రికార్డు కంపెనీని అడిగి, పేరు తెలిసికొని, గాలిలో ప్రకటింపవలసి వచ్చినది. గాయని పేరును సంపాదించి పెట్టినవారు శ్రోతలే అని ఈ సంగతి వలన తేలుచున్నది. కార్డు ముక్క కొని, ప్రశ్న వ్రాసి, తపాలా పెట్టెలో వేసిన సామాన్య జనుల పని అది.

దీనికి తోడు మరియొక విచిత్రము జరిగినది. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖను చేపట్టిన బి. వి. కేస్కర్‌కు చిత్రగీతములపై సదభిప్రాయము లేదు. ఆకాశవాణిలో వాటి సమయము తగ్గినది. మిగిలిన పాటలకు గూడ చిత్రము పేరు చెప్పుట వ్యాపార ప్రకటన వంటిదని ఎంచి, గాయకుల పేర్లు మాత్రమే చెప్పు పద్ధతి పెట్టినారు. నిర్మాతలు కోపించి పాటలు ఇచ్చుట మానినారు. శ్రోతలు సిలోన్ రేడియో వైపు మరలినారు. చివరకు 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభమై చిత్రగీతములు సగౌరవముగా తిరిగి వచ్చినవి. ఆ నిషేధము ఎవరికిని ప్రీతికరము కాలేదు. అయినను అందులో ఒక మంచి దాగియున్నదని నాకు తోచును. పాటకు చిత్రము పేరు లేకున్నను జరుగును, పాడినవారి పేరు లేనిదే జరగదు అని మొదటిసారి ఒక నియమము ఒప్పుకొన్నది.

ఇక మా ఇంటి సంగతి చెప్పెదను. మాది గిద్దలూరు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు గిద్దలూరు, కంభము, మార్కాపురము ప్రాంతములు కర్నూలు జిల్లాలోనివే. ఆ జిల్లాకు ప్రకాశము పేరు 1972లో వచ్చినది. ఒకవంక నల్లమల, ఒకవంక వెలిగొండ, నడుమ ఒకప్పుడు మీటరుగేజిగా ఉండిన రైలుమార్గము, వానకు ఎదురుచూచు చేలు: ఇది మా సీమ. మా ఇంటికి రేడియో వచ్చిన నాటికి విజయవాడ కేంద్రము పాతబడినది. అది 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. కడప కేంద్రము 1963లో క్రొత్తగా వచ్చినది. సాయంత్రము చిత్రగీతముల వేళకు ఇరుగుపొరుగు స్త్రీలు మా వసారాలో కూర్చుండెడివారు.

మా అమ్మకు అక్షరము రాదు. సినిమాకు వెళ్ళినను మొదట తెరపై పడు పేర్లు ఆమెకు గీతలే. రికార్డు మీద అచ్చయిన చీటీయు అంతే. అయినను పాట మొదలగుటకు ముందు రేడియోలో ఎవరో ఒకరు నిదానముగా, స్పష్టముగా చెప్పెడివారు: పాడినవారు ఘంటసాల, జిక్కి, పాడినవారు లీల, పాడినవారు రాజా, సుశీల. ఆ మాటలను మా అమ్మ మంత్రములవలె పట్టుకొన్నది. కొన్నాళ్ళకు పేరు చెప్పకముందే గొంతు విని, "ఇది జిక్కి" అని చెప్పుటయు, ప్రకటన వచ్చి ఆమె మాట నిజమగుటయు మా ఇంటిలో ఒక ఆటగా మారినది. అక్షరము లేని మనిషికి గాయని పేరును చేర్చగలిగినది అచ్చు కాదు, మాట. రేడియో చేసిన ఈ మేలు మనము సరిగా లెక్కకు తీసికొనలేదు.

జిక్కి అసలు పేరు పిల్లవలు గజపతి కృష్ణవేణి. మద్రాసులో పెరిగిన తెలుగు బాలిక. 1943లో 'పంతులమ్మ' చిత్రమునందు చిన్నపిల్లగా తెరపై కనిపించి పాడినారు. శాస్త్రీయ సంగీతమును గురుముఖమున క్రమముగా అభ్యసించినవారు కారు. వినికిడియే ఆమెకు చదువు. 1948లో తమిళమున వచ్చిన 'జ్ఞానసౌందరి'లో నాయిక బాల్యమునకు జిక్కి కంఠము, యౌవనమునకు పి. ఏ. పెరియనాయకి కంఠము కూర్చినారు. ఒకే ప్రార్థనాగీతము నడుమ బాలిక పెరిగి పెద్దదగును, కంఠమును మారును. అప్పటికి జిక్కి నిజముగానే బాలిక. మరి కొన్ని సంవత్సరములకే నాయికల కంఠమై నిలిచినారు.

ఆమె గొంతులో ఏమున్నది? సన్నని గొంతు, కాని బలహీనము కాదు. మాటలు ముత్యములవలె విడివిడిగా పడును. నవ్వు తెచ్చిపెట్టుకొన్నట్లు ఉండదు, మాటలోనే కలిసియుండును. దుఃఖములో గూడ కంఠము బరువెక్కి క్రుంగిపోదు. 1955 నాటి 'అనార్కలి'లో అంజలీదేవి పాత్రకు పాడిన పాటలలో ఈ గుణము తెలియును. 1957లో వచ్చిన 'సువర్ణసుందరి'లో ఆదినారాయణరావు ఒక రాగమాలిక కూర్చినారు. 'హాయి హాయిగా' అని మొదలగు ఆ పాట ఒక రాగము నుండి మరియొక రాగములోనికి సాగిపోవును. ప్రక్కన పాడువారు ఘంటసాల. విజయనగరములో సంగీత విద్య నేర్చిన విద్వాంసుడు. ఆయనతో సమముగా, గురుముఖమున నేర్వని జిక్కి ఆ పాటను నడిపినారు. ఇదే పాటకు హిందీలో లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ పాడినారు. రెండును వినినవారికి మన గాయని ఎవరికిని తీసిపోలేదని తెలియును.

శాస్త్రీయము ఒక్కటే కాదు. యౌవనపు ఉత్సాహము పొంగు పాటకును ఆమె కంఠమే పిలుపు. 1958లో తమిళ 'ఉత్తమ పుత్తిరన్'కు జి. రామనాథన్ ఒక నృత్యగీతము కూర్చినారు. ఆ రోజులలో అమెరికా కుర్రకారును ఊపివేయుచున్న రాక్ అండ్ రోల్ లయ అందులో వినబడును. టి. ఎం. సౌందరరాజన్‌తో కలిసి అందులో పాడిన గాయనులలో జిక్కి ఒకరు. మనకు వేదికనెక్కి గిటారు పట్టిన రాక్ గాయని ఆనాడు లేదు. ఆ ఉరవడిని మన ఇండ్లకు తెచ్చినవారు ఇట్టి తెరవెనుక గాయనులే. టీనా టర్నర్‌ను తలచుకొన్నపుడు నాకు జిక్కి గుర్తు వచ్చుటకు ఇది ఒక కారణము.

మా ప్రాంతములో ఆమె పేరు కంటె ఎక్కువగా నాటుకొన్నది ఒక పాట. 1955లో తాపీ చాణక్య దర్శకత్వమున వచ్చిన 'రోజులు మారాయి' చిత్రములోని ఏరువాక పాట. కొసరాజు రాఘవయ్యచౌదరి వ్రాయగా మాస్టర్ వేణు బాణీ కట్టినారు. తెరమీద ఆడినవారు వహీదా రెహమాన్. ఆ నృత్యముతోనే ఆమె ప్రసిద్ధికెక్కి, మరుసటి సంవత్సరము 'సి.ఐ.డి.' ద్వారా హిందీ రంగమున అడుగు పెట్టినారు. పాడినవారు మాత్రము జిక్కి. జ్యేష్ఠ పూర్ణిమనాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, అరక కట్టు పండుగ ఏరువాక. కృష్ణా, గోదావరి కాలువల క్రింద ఆ పండుగ ధీమాతో జరుగును. మా దగ్గర ఆకాశము వైపు చూచుచు జరుగును. కంభము చెరువు ఆయకట్టు వారిని మినహాయించిన, మిగిలినవారికి కందియు, సజ్జయు వాన దయ మీదనే. వాన వెనుకబడిన సంవత్సరములలో సయితము మా ఆడవారు ఆ పాటను మానలేదు. రేడియోలో అది వచ్చిన రోజు మబ్బు పట్టినట్లుగా సంతోషించెడివారు.

అయితే ఒక మార్పు మెల్లగా జరిగినది. చేలలో ఆ పాట పాడుకొను క్రొత్త తరమువారు దానిని సినిమా పాట అనుకొనుట మానినారు. "అది మా పెద్దవాళ్ళ పాట, ఎప్పటిదో" అనుట నేను స్వయముగా విన్నాను. కొసరాజు పోయినారు, వేణు పోయినారు, జిక్కి పోయినారు. పాట జానపదములో కలిసిపోయినది.

ఇచ్చట విజ్ఞులైన శ్రోతలు ఒక ఆక్షేపణ చేయవచ్చును. ఒక పాట జానపదమగుట కంటె దానికి గొప్ప గౌరవము ఏమున్నది? స్త్రీల పాటలు కట్టినవారి పేర్లు మనకు తెలియునా? దంపుళ్ళ పాటలకు, లాలిపాటలకు కర్తలు ఎవరు? పేరు పోయి పాట నిలుచుట కళాకారునికి మోక్షము కాదా? ఈ మాటలో సత్యము లేకపోలేదు. నేను చాలకాలము ఇట్లే అనుకొని ఊరటపడినాను. కాని ఆలోచించినకొలది ఈ ఊరట నిలువలేదు. దంపుళ్ళ పాట పాడిన ఆమె పేరు లోకమునకు తెలియకపోయినను ఆమె ఊరికి తెలియును. ఆ వీధిలో ఆమె ఫలానా అని అందరికిని తెలిసి, పోయిననాడు ఆ వీధి ఏడ్చినది. జిక్కికి ఊరు ఏది? ఆమె పాట విన్న ప్రతి వసారాయు ఆమె ఊరే. ఆ వసారాలవారే పేరు మరచిన, ఆమెకు ఫలానా అని చెప్పువారు ఇక ఎవరు? పైగా ఆమె గొంతుతో బ్రతికిన మనిషి. ఆ గొంతే ఆమె కష్టార్జితము. కష్టమును మనము అనుభవించుచు కష్టపడినవారి పేరు మరచుట న్యాయము కాదు.

ఆమె జీవితములో కష్టము తక్కువ లేదు. ప్రసిద్ధ గాయకుడు ఏ. ఎం. రాజాను ఆమె వివాహమాడినారు. ఆయన సంగీత దర్శకత్వమున 1960లో వచ్చిన 'పెళ్ళి కానుక'లో, చలింపని మనసును సంగీతము ఎట్లు చలింపజేయునో చెప్పు పాటను జిక్కి పాడినారు. ఆ తరువాత చిత్రరంగములో గొంతులు మారినవి, అవకాశములు తగ్గినవి. భార్యాభర్తలు కచ్చేరీలలో పాడుచు కాలము గడిపినారు. 1989 ఏప్రిలులో కచ్చేరీ ప్రయాణములోనే తమిళనాడులోని వళ్ళియూరు వద్ద రైలు ప్రమాదములో రాజా మరణించినారు. అటువంటి దెబ్బ తరువాత ఆమె మరల మైకు ముందు నిలిచినారు. 1991లో ఇళయరాజా 'ఆదిత్య 369' చిత్రమున, శ్రీకృష్ణదేవరాయల కాలపు సభలోని నృత్యగీతమునకు ఆమెను పిలిచి, ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము, ఎస్. పి. శైలజలతో కలిపి పాడించినారు. అటుపిమ్మట పది సంవత్సరములకు 'మురారి' పెండ్లిపాట వచ్చినది. 2004 ఆగస్టు 16న చెన్నైలో, కాన్సరు వ్యాధితో బాధపడి, ఆమె కన్నుమూసినారు.

ఆ వార్త మా ఇంటికి మరునాడు ఉదయము రేడియోలోనే వచ్చినది. మా అమ్మ అప్పటికి ముసలిది. వసారాలో కూర్చుండి చాటలో కందిపప్పు చెరుగుచున్నది. పేరు వినబడగానే చేయి ఆగినది. కొంతసేపటికి, "నా పెండ్లినాడు పాడిన పిల్ల పోయిందిరా" అన్నది. నాకు మొదట అర్థము కాలేదు. తరువాత తెలిసినది. 1953లో హిందీ 'ఆహ్' తెలుగులో 'ప్రేమలేఖలు'గా వచ్చినది. అందులో పందిట్లో పెండ్లిని వర్ణించు పాట ఒకటి, జిక్కి పాడినది, ఆ రోజులలో మైకుసెట్టు పెట్టిన ప్రతి పెండ్లిలోను మ్రోగెడిది. మా అమ్మ పెండ్లిలోను మ్రోగినది. ముఖము తెలియదు, ఊరు తెలియదు, వయసు తెలియదు. పెండ్లిపీట మీద కూర్చున్న పదునైదేండ్ల పిల్లకు పాడిన గొంతు గూడ తన ఈడుదేనని తోచియుండును. ఏబది సంవత్సరములు గడచినను జిక్కి ఆమెకు పిల్లగానే ఉండిపోయినది.

పూలు ఉంచుటకు మా అమ్మకు ఏ గేటును లేదు. ఆ పూట చాట ప్రక్కన పెట్టి, ఏరువాక పాటను లోగొంతుతో చివరి వరకు పాడుకొన్నది. సాయంత్రము పొరుగు స్త్రీ వచ్చినపుడు పేరుతో సహా చెప్పినది. గాయనికి ఆమె చేసిన స్మరణ ఇంతే. ఇది చిన్నదని నేను అనుకొనను.

ఇక మనము చేయదగినది ఏమి? పెద్ద సభలు, విగ్రహములు అందరి చేతిలోని పనులు కావు. తిరునాళ్ళలో ఆర్కెస్ట్రా బృందములు పాతపాటలు పాడుచునే యున్నవి. పాతరికార్డులను, టేపులను ప్రాణముగా దాచుకొన్నవారు మన ఊళ్ళలో ఉన్నారు. మార్కాపురములోనే ఆకాశవాణి కేంద్రము ఉన్నది. లోటు పాటలకు లేదు, పేరు చెప్పుటకు వచ్చినది. ఈనాడు పాట చేతిలోని ఫోనులో, పందిట్లోని పెద్ద స్పీకర్లలో, కారులో, దుకాణములో ఎడతెగక వచ్చుచున్నది. పేరు ఎక్కడనో చిన్న అక్షరములలో ఉండవచ్చును. దానిని చదువువారు అరుదు, చెప్పువారు మరియు అరుదు. ఒక పాట ముగియకముందే మరియొకటి అందుకొనుచున్నది. పాటకును పాటకును నడుమ ఒక మనిషి గొంతు సవరించుకొని పేరు చెప్పు ఆ నాలుగు క్షణములు మాయమైనవి.

ఆ నాలుగు క్షణములను ఇంటివారే నింపవచ్చును. ఇంటిలో పాట వచ్చినపుడు పాడినవారి పేరు పిల్లలకు ఒక్కసారి చెప్పుడు. ఆర్కెస్ట్రాలో పాడు యువతులు పాటకు ముందు ఆ పాటను మొదట పాడినవారి పేరు చెప్పవలెనని నిర్వాహకులు కోరవచ్చును. కోరినపాటల కార్యక్రమమునకు వ్రాయునపుడు చిత్రము పేరుతో పాటు గాయని పేరును వ్రాయుడు. 'మహల్' నాటి శ్రోతలు ఒక్క కార్డుతో సాధించినది మనకు ఇంకను సాధ్యమే. పలక మీది అక్షరము చేయి తగిలిన చెరిగిపోవును. పలకల ఊరివారికి ఇది క్రొత్త సంగతి కాదు. చెరిగిన అక్షరమును మరల దిద్దుటయే అందుకు మందు.

ఆనాటి పెండ్లిలో భోజనముల వేళకు అదే పాటను మరల పెట్టినారు. నా వెనుక బంతిలో కూర్చున్న ఆ పిల్ల తన ప్రక్కనున్న స్నేహితురాలితో అనుచున్నది: "ఆ పెద్దామె గొంతు ఉంది చూడు, ఆమె పేరు జిక్కి అంట. మా నాయనమ్మ కాలం నుంచి పెండ్లిళ్ళకు పాడుతోందంట."

నేను దిద్దవలసినది ఏమియు లేదని ఊరుకొన్నాను.